పెనములు, మూకుళ్లు, రొట్టెటిన్నులు: వంటయింట వానిని భద్రపఱచు విధము

లేవీయకాండము 2వ అధ్యాయమును చదివిన విద్యార్థులకు ఒక విషయము జ్ఞాపకముండవచ్చును. అచ్చట నైవేద్యమును సిద్ధపఱచుటకు మూడు విధములు చెప్పబడినవి: పొయ్యిలో కాల్చుట, పెనముమీద కాల్చుట, కుండలో వండుట. ఒక్కొక్క వంటకు ఒక్కొక్క పాత్ర తగియుండునని మానవుడు మిక్కిలి పూర్వకాలముననే యెఱిగియుండెనని దీనివలన తెలియుచున్నది. ఏ పాత్రలో ఏమి వండవలెనో మన తల్లులు మనకు నేర్పుచున్నారు. కాని వంట ముగిసిన పిమ్మట ఆ పాత్రను ఎచ్చట, ఏ స్థితిలో ఉంచవలెనను విషయమును మనము అంతగా విచారింపము. ఆ విషయమునే ఈ వ్యాసమున సంగ్రహముగా తెలుపదలచితిమి.

ఇది చిన్న సంగతియని కొందఱకు తోచవచ్చును. మాకును ఒకప్పుడట్లే తోచినది. మేము చిన్నతనమున నివసించిన యొక వసతిగృహమున పెనములన్నియు ఒకదానిపై నొకటిగా వంటయింటి మూలలో పేర్చియుండెడివి. క్రిస్మసునకు ముందటి దినమున కేకు కాల్చుటకు టిన్ను కావలసివచ్చెను. అది అన్నిటికంటె అడుగున నుండెను. మాతోడి బాలిక యొకతె దానిని లాగబోగా దొంతర యంతయు ఒఱగి, ఇనుపపెనము ఆమె పాదముపై పడెను. మంటిమూకుడు ముక్కలయ్యెను. తీసిన టిన్నును చూడగా అదియు త్రుప్పుపట్టి పనికిరాకుండ నుండెను. ఆ బాలిక మఱునాడు ఆరాధనకు రాలేకపోయెను. అనేక దినములు కుంటుచు నడిచెను. ఆ సాయంకాలమున మేమందఱము ఆమె తొందరపాటునే నిందించితిమి. ఆ దొంతరను ప్రతిదినము పేర్చినవారము మేమేయని మాకప్పుడు తోచలేదు.

1. మన ప్రాంతపు పాత్రలు

ఖమ్మము మొదలు భద్రాచలము వఱకు గల ఈ అడవిసరిహద్దు రెండు విధములైన వంటలు కలిసిన చోటు. భద్రాచలము 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలో నుండి, పిమ్మట ఖమ్మము జిల్లాలో చేర్చబడినది. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. కావున ఒకే వీధిలో ఒక యింట తెలంగాణపు జొన్నరొట్టెయు, ప్రక్కయింట గోదావరితీరపు దిబ్బరొట్టెయు కాలుచుండుట వింతకాదు.

జొన్నరొట్టెకు బల్లపరుపైన ఇనుపపెనము కావలెను. సర్వపిండికి సర్వయే పెనము. బియ్యపుపిండిని గుండ్రని గిన్నె లోపలితట్టున పలుచగా ఒత్తి, వ్రేలితో రంధ్రములు చేసి, వానిలో నూనె విడిచి, మూతపెట్టి కాల్చుదురు. కొందఱు దీనినే గిన్నెపిండి యనియు, తపాలచెక్క యనియు పిలుతురు. ఒక వాయి దించిన పిమ్మట పాత్ర చల్లారినగాని రెండవ వాయి ఒత్తుటకు వీలుపడదు. అందుచేత ఈ వంటకు రెండు పాత్రలను ఉంచుకొను ఇండ్లు గలవు. దిబ్బరొట్టెకు మందమైన మూకుడు తగినది. మినుపపిండిని అందుపోసి, క్రింద సన్ననిమంట పెట్టి, మూతపైన నిప్పులుంచి కాల్చెడివారు. పైనను క్రిందను వేడి తగులునట్లు చేయు ఈ పద్ధతియే నేటి ఓవెనునందును గలదు. గుంటపొంగనములకు గుంటల పెనమును, పేలాలకు మంగలమును, బూరెలకు లోతైన మూకుడును వేఱువేఱుగా నున్నవి. గోదావరి దిగువను ఆత్రేయపురమున పూతరేకులకు కుండను బోర్లించి, దాని వీపునే పెనముగా వాడుదురు. ఇవిగాక క్రిస్మసు కేకునకు, రొట్టెకు వాడు రేకుటిన్నులు క్రైస్తవ గృహములందు చాల కాలముగా నున్నవి. ఓవెను లేనివారు పెద్ద గిన్నెలో ఇసుకపోసి, దానియందు టిన్నునుంచి, మూతపై నిప్పులు పెట్టి కేకు కాల్చుట మేమెఱుగుదుము.

ఇక అడవిలోనికి పోయినయెడల పాత్ర తక్కువ, నేర్పు ఎక్కువ. కోయసోదరులు సొరబుఱ్ఱను ఎండబెట్టి, లోపలి గుజ్జును తీసి, నీటికిని జావకును వాడుదురు. దానిని త్రాటితో వ్రేలాడదీయుదురు గనుక అది నేలతేమను ఎఱుగదు. అడ్డాకు విస్తరి భోజనానంతరము మంటిలో కలిసిపోవును. మారేడుమిల్లి అడవులలో వెదురుబొంగునందు కోడిమాంసమును కూరి నిప్పులపై కాల్చుట నేడు ప్రసిద్ధమైనది. ఆ బొంగును కడుగనక్కఱలేదు, దాచనక్కఱయు లేదు! మనకంత సుళువు లేదు. మన పాత్రలు పదేండ్లు, ఇరువదియేండ్లు నిలువవలసినవి. కావున వాని స్వభావమును ముందుగా తెలిసికొనవలెను.

2. లోహముల స్వభావము

ఇనుము: ఇనుమునకు శత్రువులు రెండు, నీరును గాలియును. రెండును కలిసినప్పుడే త్రుప్పు పుట్టును. వానకాలమున మన ప్రాంతపు గాలియే తడిగా నుండును గనుక, గుడ్డతో తుడిచిన పెనము సయితము తెల్లవాఱునప్పటికి ఎఱ్ఱబాఱును. దీనికి ప్రతిక్రియ నూనెపూత. పలుచగా నూనె రాచిన ఇనుమును బాగుగా కాచినప్పుడు ఆ నూనెయణువులు ఒకదానితో నొకటి పెనవేసికొని నల్లని గట్టిపొరగా మాఱును. అట్టుగాని రొట్టెగాని అంటకుండ లేచివచ్చుట ఈ పొర గుణమే. ఈ సంగతి నెఱుగక కొందఱు పెనమును చింతపండుతోను బూడిదతోను మెఱయునట్లు తోముదురు. ఇత్తడికి మేలుచేయు ఆ పనియే ఇనుపపెనమునకు కీడుచేయును. చింతపండు పులుపును బూడిద క్షారమును ఆ పొరను తినివేయును.

ఇత్తడి, రాగి: పెంబర్తియందును, గోదావరిసీమలోని అజ్జరమునందును ఇత్తడిపనివారి కీర్తి చాలకాలముగా నున్నది. ఈ లోహములు పులుపు తగిలినచో పచ్చని చిలుమును పుట్టించును. చిలుము కడుపులోనికి పోయినయెడల వాంతులు కలుగును. అందుచేతనే లోపల కళాయి పూయింతురు. కళాయియనగా తగరము. అది 232 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగిపోవును. నీరుగాని నూనెగాని లేక ఒట్టిపాత్రను మంటపై నుంచినచో ఆ వేడి త్వరలోనే వచ్చును. కావున కళాయిపాత్రను ఒట్టిగా కాచరాదు. ఇనుపవస్తువులను దానిలోపల పేర్చి గీతలు పడనీయరాదు. కళాయి పోయిన పాత్రను మఱల పూయించువఱకు వంటపాత్రల వరుసలో ఉంచనేరాదు. అజ్ఞానముచే ఎవరైన దానిలో పులుసు కాచవచ్చును.

రేకుటిన్ను: ఇదియు లోపల ఇనుమే, పైన తగరపు పలుచని పూత. కత్తితో కేకును టిన్నులోనే కోసినయెడల గీతపడిన చోట త్రుప్పు మొదలగును. కేకును బోర్లించి పళ్లెములోనికి తీసిన పిమ్మటనే కోయవలెను.

సత్తుపాత్ర: అల్యూమినియమును మన వాడుకలో సత్తు అందుము. చెన్నపట్టణపు చిత్రకళాశాలలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్‌గారు 1898లో అల్యూమినియము పాత్రల పనిని ప్రారంభించిరి. నాడు వింతవస్తువైన సత్తుగిన్నె నేడు ప్రతిగ్రామమున నున్నది. ఇది తేలికయైనది, త్రుప్పుపట్టదు. కాని పులుపునకును సోడాకును నిలువదు. పులుసునుగాని పెరుగునుగాని దీనియందు నిలువచేయరాదు.

నాన్‌స్టిక్ పెనము: నేటి యిండ్లలో ఇది వచ్చినది. దీని పూత సుకుమారమైనది. ఒట్టిపెనమును ఎక్కువగా కాచి 260 డిగ్రీలు దాటనిచ్చినయెడల పూత చెడనారంభించి హానికరమైన పొగలు వెలువడును. దీనిపై మఱియొక పెనమును పెట్టవలసివచ్చినయెడల నడుమ మెత్తనిగుడ్డ నుంచవలెను.

మంటిపాత్ర: దీని గోడలందు కంటికి కనబడని రంధ్రము లనేకములు గలవు. కడిగిన తోడనే మూతపెట్టినయెడల లోపలి తడి ఆఱక బూజుపట్టును. ఒక పూట యెండలో నుంచి, మూతలేకుండ దాచవలెను.

3. భద్రపఱచుటలో నాలుగు నియమములు

మొదటిది, ఆఱనిదే దాచరాదు. ఇనుపపెనమును కడిగి, తుడిచి, మఱల పొయ్యిమీద నిమిషమో రెండు నిమిషములో ఉంచి, పూర్తిగా ఆఱిన పిమ్మట నువ్వులనూనెలో తడిపిన గుడ్డముక్కతో రాచవలెను. రాచినది కనబడనంత పలుచగా నుండవలెను. నూనె ఎక్కువైనచో అది జిగటయై ముక్కవాసన కొట్టును. చీమలును బొద్దింకలును చేరును.

రెండవది, దొంతర పెట్టరాదు. పుస్తకములను అలమరలో నిలువుగా నుంచుదుము గదా! ఒకటి కావలసినప్పుడు తక్కినవానిని కదల్పక తీయగలుగుదుము. పుస్తకములను పండబెట్టి పేర్చినయెడల అడుగు పుస్తకము ఎవరికిని అందదు. పెనమును అట్టిదే. అంచుపై నిలువుగా నుంచిన పెనములనడుమ గాలి ఆడును, ఒకదాని బరువు మఱియొకదానిపై పడదు, చేయి నలుగదు. గుండ్రనియడుగుగల మూకుళ్లు నిలువవు గనుక వానిని చుట్టకుదుళ్లపై నుంచవలెను.

మూడవది, వాడుక ననుసరించి చోటు ఏర్పఱచవలెను. దినదినము వాడు పెనము చేతికందు ఎత్తున, పొయ్యికి దగ్గఱగా నుండవలెను. కాని పొయ్యికి నేరుగా పైని ఉండరాదు, పొగయు ఆవిరియు దానిపై పేరుకొనును. వారమున కొకసారి వాడునవి దాని ప్రక్కను, సంవత్సరమున కొకసారి వాడునవి అటకపైనను ఉండవలెను. బరువైనవి క్రిందను, తేలికయైనవి పైనను ఉంచుట పిల్లలున్న యింట మఱువరాని విషయము.

నాలుగవది, నేలను తాకనీయరాదు. మన యడవిసరిహద్దున నేలపై బోర్లించిన గిన్నెక్రింద తేలును, మూల పేర్చిన దొంతరవెనుక పామును చేరుట క్రొత్తకాదు. నేలకు మూరెడెత్తున నున్నచో క్రింద ఊడ్చుటకును చూచుటకును వీలగును. పూర్వులు ఉట్టి కట్టినది పిల్లికి అందకుండుటకు మాత్రమేకాదు. నేలతేమనుండియు పురుగునుండియు తప్పించుటకును అది యుపాయము.

4. వెదురుతో పెనముల అర

వెల పెట్టి అలమర కొననక్కఱలేదు. ఈ ప్రాంతమున వెదురు లభించును. విద్యార్థులు సెలవుదినమున దీనిని చేయవచ్చును.

మూడడుగుల పొడవుగల రెండు వెదురుబొంగులను తీసికొనుడు. పచ్చివెదురైనయెడల ముందుగా కొన్నివారములు నీటిలో నానవేసి, పిమ్మట నీడను ఆఱబెట్టుడు. వెదురులోని పిండిపదార్థము నీటిలో కొంత పోవుటచే పురుగు అంతగా తొలువదు. ఆ రెండింటిని 6 అంగుళముల ఎడమున సమానముగా నుంచి, కొనలయందు అడ్డబద్దలతో బిగింపుడు. ఒక్కొక్క బొంగునకు ఇరుకొనలను రెండేసి అంగుళములు విడిచి, 2 అంగుళముల కొకటి చొప్పున రంధ్రములు చేసినచో 17 రంధ్రములగును. ప్రతి రంధ్రమున జానెడు పుల్లను నిలువుగా దిగగొట్టినయెడల 16 అరలు ఏర్పడును. బొంగుల రెంటిమీదను ఆనునట్లు పెనమును అంచుపై నిలిపినచో అది దొరలిపోదు. గుంటలపెనమువంటి మందమైనదానికి నడుమ పుల్లను తీసివేసి రెండరలను ఒకటిగా చేయవచ్చును. ఈ చట్రమును నేలకు మూరెడెత్తున, వానజల్లు పడని గోడకు ఆనించి గట్టిగా నిలుపవలెను. కాడగల పెనములను వాసమునకు కట్టిన దండెమునకు తగిలింపవచ్చును. మట్టిగోడలో కొట్టిన మేకు బరువైన ఇనుపపెనమునకు నిలువదు.

అరలకు ప్రక్కనే అట్లకాడకును, పటకారునకును, మసిగుడ్డకును చోటు చూపవలెను. మసిగుడ్డ కనబడక పైటకొంగుతో వేడిపెనమును దింపబోయి కాలిన చేతులు ఎన్నియో గలవు.

5. పండుగ పాత్రలు

క్రిస్మసు గడచిన పిమ్మట కేకుటిన్నులను తొందరపడి పెట్టెలో వేయుట వాడుక. ఇదియే పైని చెప్పిన త్రుప్పునకు కారణము. టిన్ను మూలలలోని పిండిని గోరువెచ్చనినీటితో నానబెట్టి తీసి, ఎండలో నాఱబెట్టి, నూనెగుడ్డతో తుడిచి, ఒక్కొక్కదానిని పొడికాగితములో చుట్టవలెను. చిన్నదానిని పెద్దదానిలో నుంచుట వీనియందు తప్పుకాదు, ఇవి తేలికయైనవి, నడుమ కాగితము గలదు. వానకాలము వెడలిన తోడనే, అనగా కార్తికమాసమున, ఒకసారి విప్పి చూచి, ఎండకు చూపి, కాగితము మార్చినయెడల డిసెంబరునందు ఆశాభంగము కలుగదు.

పండుగలకును వివాహములకును పాత్రలను ఇరుగుపొరుగువారు బదులు తీసికొనుట మన గ్రామముల మంచియాచారము. ఎలీషా చెప్పినమాట చొప్పున విధవరాలు పొరుగువారియొద్ద వట్టిపాత్రలను ఎరవు తెచ్చుకొనిన వృత్తాంతము రాజుల రెండవ గ్రంథమున 4వ అధ్యాయమునందు గలదు. పాత్రలు ఉన్నంతవఱకే నూనె నిలువక వచ్చినది. ఎరవు ఇచ్చువారికి సంకోచముండరాదు, తెచ్చుకొనువారికి మఱపు ఉండరాదు. పూర్వులు ఇత్తడిపాత్రలపై పేరు చెక్కించుట ఇందుకొఱకే. వసతిగృహములందు ప్రతిపాత్రకు ఒక అంకె వేసి, పట్టిక వ్రాసి, రాత్రి భోజనానంతరము లెక్కచూచుట అవసరము.

6. గోదావరి వరదయు వంటపాత్రలును

మన ప్రాంతమునందు పాత్రలను క్రమముగా నుంచుటకు మఱియొక గొప్ప కారణము గలదు. అది గోదావరి. 1986 ఆగస్టునందు భద్రాచలమువద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరెను. 2022 జూలైయందు 71.3 అడుగులకు వచ్చెను. అచ్చట మొదటి ప్రమాదహెచ్చరిక 43 అడుగులకును, రెండవది 48 అడుగులకును, మూడవది 53 అడుగులకును చేయబడును.

వరద వచ్చినప్పుడు ఇల్లు విడువలేక ఆలస్యముచేయువారిలో చాలమంది బంగారముకొఱకు ఆగరు. బీదల యింట బంగారము ఎక్కడిది? బియ్యము, గొడ్డు, వంటపాత్ర, వీనికొఱకే ఆగుదురు. పోయిన పెనమును మఱల కొనుటకు కూలివారికి కొన్నిదినముల కూలి పట్టును. ఆ బాధను మేము తేలికగా చూడము. కాని చీకటిలో మోకాలిలోతు నీటిలో ఏ పాత్ర ఎచ్చట నున్నదో వెదకుచుండగా నీరు నడుముదాక రాగలదు.

కావున పల్లపుప్రాంతములవారు ముందుగానే ఈ యేర్పాటు చేసికొనవలెను. వానకాలము ప్రారంభమున ఒక గోనెసంచిని ప్రత్యేకముగా పెట్టుకొనుడు. మొదటి హెచ్చరిక వినిన తోడనే పండుగపాత్రలను, అరుదుగా వాడువానిని అటకపై కెక్కించి త్రాటితో కట్టుడు. వట్టిపాత్ర నీటిలో తేలి కొట్టుకొనిపోవును. రెండవ హెచ్చరికకు ఒక గిన్నె, ఒక పెనము, మూత, గరిటె, కత్తి, అగ్గిపెట్టె, ఉప్పు, కొంత బియ్యము సంచిలో కట్టుకొని మెట్టప్రదేశమునకు బయలుదేరుడు. మూడవ హెచ్చరికవఱకు వేచియుండరాదు. ఒకసారి వెడలిన పిమ్మట ఏ పాత్రకొఱకును తిరిగి పోరాదు. ప్రతివస్తువునకు నియతమైన చోటున్న యింట ఈ పని స్వల్పకాలములో ముగియును. లేని యింట ఒక పూటకును ముగియదు.

నీరు తీసిన పిమ్మట మంటిపాత్రలను మఱల వంటకు వాడరాదు. మురికినీరు వాని రంధ్రములలోనికి దిగియుండును. లోహపాత్రలను శుభ్రముగా తోమి, మంచినీటితో మరగించి వాడవలెను. ఇనుపపెనము త్రుప్పుపట్టినను చెడిపోలేదు. త్రుప్పును గీకి, కడిగి, కాచి, నూనెపూత మఱల వేసినయెడల అది మునుపటివలె పనిచేయును.

7. ఈ పని యెవరిది?

వంటయిల్లు ఆడువారిదని చెప్పి మగపిల్లలు తప్పించుకొనుట మేము చూచుచున్నాము. రొట్టెను ఇరువురును తినుచున్నారు గదా! పెనమును తుడిచి అరలో నిలుపుటకు ఎక్కువ సమయము పట్టదు. ఆ పనిని తల్లికే విడిచిన యింట ఆమె ప్రతిరాత్రియు అందఱి తరువాత నిద్రించును. ఇంటిలో ప్రతివారును తాము వాడిన పాత్రను దాని చోటునకు చేర్చినయెడల, ఆమెకు మిగులు కాలము ఎంతయో మీరే చూడగలరు.

సంఘమునందు సమస్తము క్రమముగా జరుగవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసెను. ఆ క్రమము ఆరాధనతో ఆగిపోక వంటయింటికిని రావలెనని మా యభిప్రాయము. నాటి బాలిక పాదముపై పడిన పెనము ఎవరి కోపముచేతను పడలేదు. ఎవరో ఒకరు సరిచేయుదురులే యని అందఱము విడిచినందున పడినది. మన యిండ్లలోను వసతిగృహములలోను అట్టి దొంతర యేదైన నున్నయెడల, ఈ రాత్రియే దానిని విప్పి సరిచేయుదము.

అభ్యాసము

1. మీ యింటనున్న పెనములను, మూకుళ్లను, టిన్నులను లెక్కించి, లోహమును, వాడుకను తెలుపు పట్టిక వ్రాయుడు.
2. ఇనుపపెనమును చింతపండుతో తోమరాదు, ఇత్తడిని తోమవచ్చును. కారణమేమి?
3. నాలుగడుగుల బొంగునకు ఇరుకొనలను రెండేసి అంగుళములు విడిచి, 2 అంగుళముల కొకటి చొప్పున రంధ్రములు చేసినయెడల ఎన్ని అరలు ఏర్పడును?
4. వరదకాలమున మీ సంచిలో నుంచవలసిన వస్తువులను మీ తల్లిదండ్రులతో కూర్చుండి నిర్ణయింపుడు.